నెలసరి రోజుల్లో ఒంట్లో ఏమవుతుందో తమ్ముడికి చెప్పిన వివరం

ఉద్యోగినులకు నెలకు ఒక రోజు వేతనంతో కూడిన నెలసరి సెలవు ఇవ్వాలని కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో నిర్ణయించింది. అప్పటి నుంచి బెంగళూరు ఆఫీసుల్లో ఈ విషయం గురించి మాట్లాడుకోవడం ఎక్కువయింది. మా తమ్ముడు ఔటర్ రింగ్ రోడ్డులోని ఒక సంస్థలో చిన్న బృందాన్ని చూసుకుంటాడు. సెలవు అడిగిన అమ్మాయిని ఆరా తీయకూడదన్న ఇంగితం వాడికి ఉంది. అయితే దేనికి సెలవు ఇస్తున్నాడో తనకే సరిగా తెలియదన్న ఇబ్బంది కూడా ఉంది. ఒక రాత్రి భోజనాల దగ్గర, మా ఆయన కూడా ఉండగానే, "అక్కా, అసలు ఆ రోజుల్లో ఎలా ఉంటుంది? నొప్పి అంటారు, అంతకు మించి నాకేమీ తెలియదు" అని అడిగాడు. మా ఆయన కంచంలోంచి తలెత్తి నా వైపు చూశారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయనకు తెలిసింది కూడా అంతేనని ఆ చూపుతో అర్థమైంది. ఆ రాత్రి వాళ్ళిద్దరికీ కొంత చెప్పగలిగాను. మిగిలినది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మేము అనంతపురం జిల్లాలో పెరిగాం. మా ఇంట్లో నెలసరి ఎన్నడూ రహస్యం కాదు. అమ్మ బయట చేరితే వసారాలో చాప, విడిగా ఒక కంచం, చెంబు, మూడు రోజులు వంటింటి గడప దాటకపోవడం, నాలుగో రోజు తలస్నానం, ఇవన్నీ అందరి కళ్ళ ముందే జరిగేవి. ఊరగాయ జాడీ దగ్గరికి ఎవరు పోకూడదో, దేవుడి దగ్గర దీపం ఎవరు పెట్టాలో తమ్ముడికి చిన్నప్పటి నుంచే తెలుసు. ఆ చాప మీద కూర్చున్న మనిషికి ఒంట్లో ఎలా ఉందో మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు, వాడు అడగడానికీ వీల్లేదు. మగపిల్లలకు మనం ఏమీ తెలియనివ్వమని అందరూ అంటుంటారు గాని, మా ఇంట్లో నియమాలన్నీ నేర్పించి ఆ నియమాల వెనక ఉన్న మనిషి బాధను మాత్రం దాచిపెట్టారు. ఇది నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం.

ఎరగని వాళ్ళకు చెప్పాలంటే ఒక పద్ధతి కావాలి. అది నాకు జయనగర్‌లో నేను చూపించుకునే డాక్టరమ్మ దగ్గర దొరికింది. నేను "కడుపునొప్పి" అన్నప్పుడు ఆవిడ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ఎక్కడ మొదలవుతుంది, ఎటు పాకుతుంది, ఎన్ని గంటలు ఉంటుంది, దానితో పాటు ఇంకేమేమి వస్తాయి, అప్పుడు ఏ పని చేయలేకపోతావు అని కన్నడం కలిసిన తెలుగులో ఒక్కొక్కటే అడిగి, ఒక్కొక్క జవాబూ రాసుకున్నారు. పదికి ఎంత నొప్పి అని అడగలేదు. నొప్పి ఎరగని మనిషికి ఎనిమిది అన్నా తొమ్మిది అన్నా ఒకటే. చోటు, సమయం, దాని వెంట వచ్చేవి చెబితే మాత్రం ఎవరికైనా కొంత అందుతుంది. నేను కూడా ఆ వరసలోనే చెబుతాను.

ఈ వ్యవహారం రక్తం కనిపించిన రోజున మొదలు కాదు. అండం విడుదలయ్యాక సుమారు రెండు వారాల పాటు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఎక్కువగా తయారవుతుంది. దాని వల్ల ఒంటి వేడి 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరుగుతుంది, పేగుల కదలిక కూడా మందగిస్తుంది. ఆ రెండు వారాల చివరి రోజుల్లో నాకు రొమ్ములు బరువెక్కుతాయి, పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి పెడతాయి. మెట్లు దిగేటప్పుడు, ఆటో స్పీడు బ్రేకరు మీద ఎగిరినప్పుడు నాకు తెలియకుండానే చెయ్యి ఎదకు అడ్డం వెళుతుంది. పొట్ట ఉబ్బి, రోజూ కట్టుకునే చోటే చుడీదారు బొందు ఒరుసుకుంటుంది. విరేచనం సాఫీగా కాదు. నిద్ర పట్టినా తీరదు. మామూలుగా విని వదిలేసే మాటకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఈ ఏడుపు గురించి మా వాళ్ళిద్దరికీ ఒక మాట గట్టిగా చెప్పాను. ఆ రోజుల్లో వచ్చిన కోపానికి కారణం కల్పితం కాదు, మిగతా రోజుల్లో దాన్ని ఓర్చుకునే శక్తి మాత్రం అప్పుడు తగ్గుతుంది. కాబట్టి "డేట్ దగ్గర పడిందా?" అని అడిగి అసలు విషయాన్ని పక్కన పెట్టడం అన్యాయం. కొందరిలో ఈ దిగులు బతుకు మీద విరక్తి పుట్టేంత తీవ్రంగా ఉంటుంది. దాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 నాటి తన వర్గీకరణలో ఒక ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. అలాంటి స్థితికి వైద్యం ఉంది, ఓర్పు దానికి మందు కాదు.

తరువాత రక్తస్రావం. "కాసేపు ఆపుకోవడం కుదరదా, మూత్రం ఆపుకున్నట్టు?" అని మా ఆయన చాలా సంకోచిస్తూ అడిగారు. ఆయన అడిగినందుకు సంతోషించాను, ఎందుకంటే చాలామంది మగవాళ్ళు మనసులో ఇలాగే అనుకుంటారని నాకు అనుమానం. కుదరదు. మూత్రమార్గానికి, మలద్వారానికి మనం కావాలనుకుంటే బిగించగలిగే కండరాల వలయాలు ఉన్నాయి. గర్భాశయ ముఖద్వారాన్ని అలా మన ఇష్టంతో మూయలేం. లోపల పొర రాలుతున్నంత కాలం, మనం మీటింగులో ఉన్నా, నిద్రలో ఉన్నా, పెళ్ళి పందిట్లో పట్టుచీరతో ఉన్నా, అది తన దారిన వస్తూనే ఉంటుంది. అది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో మన చేతిలో లేదు. నెలసరి గురించి ఒక్క సంగతే చెప్పే అవకాశం ఉంటే, నొప్పి కన్నా ముందు నేను దీన్నే చెబుతాను.

పోయే రక్తం నిజానికి ఎక్కువ కాదు. ఒక నెలసరి మొత్తానికి సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. 80 మిల్లీలీటర్లు దాటితే వైద్యులు అధిక స్రావంగా లెక్కిస్తారు. రక్తంతో పాటు రాలిన పొర, జిగురు కూడా కలిసి ఉంటాయి గనక చూడడానికి ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. "ఇంతేనా?" అని తమ్ముడు ఆశ్చర్యపోయాడు. ఇంతే, కానీ అది ఒంటికి తెలిసే తీరు వేరు. కూర్చున్నంతసేపు స్రావం యోనిలో నిలుస్తుంది, లేచి నిలబడగానే ఒక్కసారిగా దిగుతుంది. మొదట వెచ్చగా తెలుస్తుంది, కొద్దిసేపటికి ఆ తడి చల్లబడుతుంది. తుమ్మినా, దగ్గినా, నవ్వినా అంతే. గర్భాశయంలోని ఎంజైములు రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. స్రావం జోరుగా ఉన్నప్పుడు వాటికి ఆ వ్యవధి చాలదు, గడ్డలు వస్తాయి. గడ్డ జారడం స్పష్టంగా తెలుస్తుంది. నెమ్మదిగా, మందంగా, దాని ఆకారం కూడా తెలిసేటట్లు జారుతుంది, అది పూర్తయ్యేదాకా నేను ఊపిరి బిగబట్టి కదలకుండా ఉంటాను. సిల్క్ బోర్డు నుంచి హెబ్బాళ వైపు వెళ్ళే 500డి బస్సులో రెండో రోజు నిలబడి ప్రయాణం చేయవలసి వస్తే, బ్రేకు పడిన ప్రతిసారీ నా ధ్యాసంతా అక్కడే ఉంటుంది. తొడలు దగ్గరగా పెట్టుకుని, కుర్తా వెనక భాగాన్ని చేత్తో సర్దుకుంటూ, సంచి భుజం నుంచి వెనక్కు జార్చి నిలబడతాను. ఎదురుగా సీటు ఖాళీ అయినా కూర్చోవాలంటే ఒకసారి ఆలోచిస్తాను, ఎందుకంటే మళ్ళీ లేవాలి.

రాత్రిళ్ళు మరో తీరు. వెల్లకిలా పడుకుంటే స్రావం వెనక్కు పారుతుంది, అందుకని పక్కకు తిరిగి పడుకుంటే రొమ్ముల నొప్పి. అర్ధరాత్రి మెలకువ వచ్చి, దుప్పటి తడిమి చూసుకుని మళ్ళీ పడుకోవడం అలవాటైపోయింది. ఇక ప్యాడు సంగతి: కింద ప్లాస్టిక్ పొర ఉండడంతో గాలి ఆడదు, చెమట పడుతుంది, గజ్జల దగ్గర దాని అంచు ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది. మూడో రోజు స్నానంలో ఆ ఒరుపు మీద నీళ్ళు పడితే చురుక్కుమంటుంది. ప్యాడుకు బదులు స్రావాన్ని పట్టడానికి యోనిలో అమర్చుకునే కప్పు వాడే వాళ్ళకు ఈ ఒరుపు ఉండదు, సరిగ్గా అమరితే అది లోపల ఉన్నట్టే తెలియదు.

నొప్పి గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. గర్భాశయం పిడికిలంత కండరం, పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ పడిపోగానే దాని లోపలి పొర నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి కండరాన్ని బిగిస్తాయి, రక్తనాళాలను కుదిస్తాయి. తీవ్రమైన నొప్పి ఉన్నవారిలో గర్భాశయం లోపలి ఒత్తిడి పాదరస మానంలో 120 మిల్లీమీటర్లు దాటడం నమోదైంది, అంటే మామూలు మనిషి రక్తపోటులో పై అంకె కన్నా ఎక్కువ. ఆ సమయంలో కండరానికి రక్తం అందదు, అందని కండరం నొప్పి పెడుతుంది. అర్ధరాత్రి నిద్రలో పిక్క పట్టేసిన అనుభవం మగవాళ్ళకూ ఉంటుంది. కండరం దానంతట అదే బిగిసి, వదలమన్నా వదలదు. ఈ నొప్పి ఆ జాతికి చెందినదే. తేడా ఏమిటంటే, పిక్కను చేత్తో పట్టుకుని కాలు చాపి సాగదీయవచ్చు, అది కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది. ఇక్కడ బిగిసిన కండరం చేతికి అందదు. ఒక నిమిషం బిగిసి, కాస్త సడలి, పూర్తిగా వదలకముందే మళ్ళీ బిగుస్తుంది. ఇది గంటల తరబడి సాగుతుంది.

చోటు చెప్పాలంటే బొడ్డుకు చాలా కింద, పొత్తికడుపు మధ్యలో మొదలవుతుంది. మొదట బరువుగా, లోపల ఏదో కిందికి లాగుతున్నట్లు ఉంటుంది. తరువాత మెలిపెడుతుంది. మధ్య మధ్య ఒక పోటు వచ్చి మాట ఆగిపోతుంది. వెనక నడుము కింది భాగంలో సలుపు వేరుగా నడుస్తూ ఉంటుంది. అక్కడి నుంచి గజ్జల్లోకి, తొడల ముందు వైపుకు గుంజుతుంది. "తొడలకూ దీనికీ ఏమిటి సంబంధం?" అని తమ్ముడు అడిగాడు. గర్భాశయం నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో చేరే చోటికే నడుము నుంచి, తొడల పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా చేరతాయి. నొప్పి ఎక్కడిదో మెదడు విడదీసి పోల్చుకోలేదు. రక్తం కనిపించడానికి కొన్ని గంటల ముందో, దానితో పాటో మొదలై, మొదటి రోజు ఉధృతంగా ఉండి, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఋతుస్రావంలో కండరాన్ని బిగించే పదార్థం ఏదో ఉందని వి. ఆర్. పికిల్స్ అనే పరిశోధకుడు 1957లో ప్రకటించాడు. అది ప్రోస్టాగ్లాండిన్లని ఆ తరువాత తేలింది. అప్పటిదాకా ఈ నొప్పిని మనసు కల్పించుకున్నదిగా భావించిన వైద్యులు చాలామందే ఉన్నారు. ప్రోస్టాగ్లాండిన్ల మీద జరిగిన పరిశోధనకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా ఇవాళ్టికీ "అందరికీ ఉండేదే కదా" అనే మాట మాత్రం పోలేదు.

ప్రోస్టాగ్లాండిన్లు గర్భాశయంలోనే ఆగిపోవు. అవి పేగులనూ కదిలిస్తాయి, అందువల్ల అంతకు ముందు వారమంతా మలబద్ధకంతో బాధపడిన మనిషికి మొదటి రోజు పొద్దున్నే విరేచనాలు పట్టుకుంటాయి. ముక్కితే పొత్తికడుపులో నొప్పి రెట్టింపవుతుంది. కడుపులో తిప్పుతుంది, పక్క ఫ్లాటులోంచి తాలింపు వాసన వచ్చినా వికారం పుడుతుంది. నొప్పి బాగా ముదిరినప్పుడు చేతులు కాళ్ళు చల్లబడి, నుదుట చెమట పట్టి, కళ్ళ ముందు మసక కమ్ముతుంది. ఆఫీసు వాష్‌రూములో నుదురు చల్లటి టైల్స్ గోడకు ఆనించి, బయట ఎవరో తలుపు తడుతుంటే జవాబు చెప్పడానికి కూడా గొంతు పెగలక కూర్చున్న సందర్భాలు నాకు ఉన్నాయి. ఆ స్థితిలోంచి బయటికి వచ్చి, ముఖం కడుక్కుని, అయిదు నిమిషాల్లో స్క్రీను ముందు కూర్చుంటాం. పక్క సీటులో ఉన్నవాళ్ళకు ఏమీ కనిపించదు.

ఆ మధ్య మా ఆఫీసు ప్రాంగణంలో నెలసరి నొప్పిని అనుకరించే యంత్రాన్ని పెట్టారు. పొట్ట మీద అంటించిన పట్టీల ద్వారా విద్యుత్తు పంపి కండరాలను బిగించే యంత్రమది. మగవాళ్ళు వరసలో నిలబడి ప్రయత్నించారు, కొందరు కేక పెట్టారు, కొందరు దిగాక చాలాసేపు మౌనంగా ఉన్నారు. అలాంటి ప్రయత్నాన్ని నేను తేలిక చేయను. అయితే అది బిగించేది పొట్ట గోడలోని కండరాన్ని, లోపలి గర్భాశయాన్ని కాదు. వికారం, విరేచనం, తడి, ముందు రాత్రి చాలని నిద్ర, ఏవీ అందులో లేవు. అన్నిటికన్నా ముఖ్యంగా, దాన్ని ఆపడానికి ఒక మీట ఉంది, ఆపాక పూర్తిగా ఆగిపోతుంది.

మాత్రల గురించి కూడా తమ్ముడు అడిగాడు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి, అప్పటికే తయారైన వాటిని తొలగించలేవు. అందుకే నొప్పి మొదలవుతున్నప్పుడే వేసుకుంటే బాగా పనిచేస్తాయి, ఓర్చుకుని ఓర్చుకుని చివరికి వేసుకుంటే సగమే పనిచేస్తాయి. ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. అల్సరు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది, కాబట్టి ఒంటి మీద దద్దుర్లు, జ్వరం కనిపిస్తే మానేసి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. వేడి నీళ్ళ సంచి పొత్తికడుపు మీద పెట్టుకుంటే కండరం సడలుతుంది, అది నిజంగానే ఉపశమనం.

ఇదంతా రాయడానికి ముందు అమ్మకు ఫోను చేసి, ఆ రోజుల్లో నీకెలా ఉండేదమ్మా అని మొదటిసారి అడిగాను. వసారాలో చాప మీద కూర్చోవడం ఇంటి వరకేనని, చేను పని ఎప్పుడూ ఆగలేదని చెప్పింది. శనక్కాయ పీకే రోజుల్లో రెండో నాడు వంగితే నడుము పట్టుకుపోయేదట, లేస్తే బట్ట తడిసిపోయేదట, అందుకని సాలు చివరిదాకా వంగే ఉండేదట. పాత చీర చింపి మడిచిన బట్ట, ఎండకు తడి ఆరి, అంచు గట్టిపడి తొడలు కోసుకుపోయేవట. సాయంత్రం ఆ మంటకు కొబ్బరినూనె రాసుకుని పడుకునేదట. "ఇవన్నీ ఎవరికి చెప్పాల్నే, అడిగినోళ్ళు ఎవరు?" అంది. తమ్ముడికి ఆ మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను.

అందరికీ ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోకూడదు. నొప్పే ఎరగని ఆడవాళ్ళు ఉన్నారు. ఒకే మనిషిలో నెలనెలకూ మారుతుంది, కాన్పు తరువాత చాలామందికి తగ్గుతుంది. కొత్తగా పెద్దమనిషి అయిన ఆడపిల్లల్లో ఇంకో విశేషం ఉంది. మొదట్లో చాలా నెలల పాటు అండం విడుదల కాకుండానే స్రావం వస్తుంటుంది, అందువల్ల నొప్పి పెద్దగా ఉండదు. అండం విడుదల క్రమంగా మొదలయ్యాక నొప్పి కూడా మొదలవుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నావుగా, ఇప్పుడు బడి ఎగ్గొట్టడానికి నేర్చుకున్నావు" అని పెద్దవాళ్ళు ఆ పిల్లను అనుమానించేది సరిగ్గా అప్పుడే. బిహార్‌లో ప్రభుత్వ ఉద్యోగినులకు 1992 నుంచే నెలకు రెండు రోజుల సెలవు ఉంది. ఇక్కడ కర్ణాటకలో వచ్చిన ఒక్క రోజును ఎవరు ఏ రోజు వాడుకుంటారన్నది కూడా ఈ తేడాల మీదే ఆధారపడుతుంది. ఒకరికి నొప్పి ఉధృతంగా ఉండే మొదటి రోజు కావాలి, ఇంకొకరికి స్రావం ఎక్కువగా ఉండే రెండో రోజు కావాలి, మరొకరికి రక్తం కనిపించక ముందటి రోజే అన్నిటికన్నా కష్టమైనది.

మూడో రోజు సాయంత్రానికి నాకు నొప్పి వదులుతుంది. ఆకలి తిరిగి వస్తుంది, పొట్ట తేలికపడుతుంది, నీరసం మాత్రం ఇంకో రోజు ఉంటుంది. స్రావం గోధుమ రంగుకు మారి, అయిపోయిందనుకుని ప్యాడు మానేశాక మళ్ళీ ఒక మరక కనిపిస్తుంది. ఈ చివరి రోజులు బాధపెట్టవు.

ఏది మామూలు, ఏది కాదు అన్నది కూడా మగవాళ్ళకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇంట్లో ఆడవాళ్ళు ఓర్చుకుంటుంటే గమనించగలిగేది వాళ్ళే. గంటకొక ప్యాడు నిండడం, ఏడు రోజులు దాటి స్రావం, 2.5 సెంటీమీటర్ల కన్నా పెద్ద గడ్డలు, మాత్ర వేసినా లొంగని నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి, నెలసరి కాని రోజుల్లోనూ, కలయికలోనూ నొప్పి, ఇవి కనిపిస్తే స్త్రీ వైద్య నిపుణులను కలవాలి. గర్భాశయపు పొర వంటి కణజాలం దాని బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే వ్యాధి, పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది బయటపడడానికి చాలామందికి ఏళ్ళు పడుతుంది, నొప్పిని మామూలు నెలసరి నొప్పిగా తీసిపారేయడం అందుకు ఒక ముఖ్య కారణం. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు మూడు నెలల పాటు తేదీ, నొప్పి మొదలైన గంట, ఎక్కడి నుంచి ఎక్కడికి పాకింది, ఎన్ని ప్యాడ్లు మార్చారు, ఏ మాత్ర ఎన్ని వేశారు, ఏ పని మానుకున్నారు అన్నవి ఫోనులో రాసి పెట్టుకుంటే, ఆ పది నిమిషాల్లో డాక్టరుకు కావలసినదంతా చెప్పగలుగుతారు.